నేను పుట్టించిన రాజమల్లు రిటైరయ్యాడు

నేను పుట్టించిన మనిషి ఒకడు రిటైరవుతున్నాడని, సభకు తప్పక రావాలని పోస్టుకార్డు వచ్చింది. ఈ ప్రయాణానికి కారణం అదే.

కార్డు మొదట మా పాత రేడియో స్టేషన్‌కు వెళ్లిందట. అక్కడ ఎవరో ఓపిక ఉన్నవారు నా ఇంటి చిరునామా రాసి సికిందరాబాదుకు పంపారు. "ఇంగ్లీషు పాటల సారు గారికి నమస్కారములు. ఈ నెలాఖరున నేను బొగ్గుగని డ్యూటీ దిగుతున్నాను. మీరు రావలెను. ఇట్లు, రాజమల్లు, కొమురయ్య, గోదావరిఖని." రెండుసార్లు చదివి మా ఆవిడకు ఇచ్చాను. ఆమెకు కథంతా తెలుసు. "పుట్టించినవాళ్లు వెళ్లకపోతే ఏం బాగుంటుంది, వెళ్లిరండి" అంది.

కథ ఇది. ముప్పై ఏళ్ల కింద నేను రేడియోలో ప్రతి గురువారం సాయంత్రం అరగంట ఇంగ్లీషు పాటలు వేసేవాణ్ణి. గిటార్లు గోల పెట్టే రాక్ అండ్ రోల్ పాటలు. పాటకన్నా నా గొంతు మీద నాకు మోజు ఎక్కువ. చిన్నప్పుడు షార్ట్‌వేవ్‌లో దేశంకాని దేశం నుంచి వచ్చే డిస్క్ జాకీల మాటలు విని, ఇత్తడి చెంబు నోటి దగ్గర పెట్టుకుని వాళ్లలాగే పలకడం సాధన చేసినవాణ్ణి. గాయకుడు నోరు తెరిచే ఆఖరి క్షణం దాకా మాట్లాడి, సరిగ్గా అప్పుడు ఆగిపోవడం వాళ్ల విద్య. నేను ఆగలేక పాట మొదటి ముక్క మింగేసిన గురువారాలు చాలా ఉన్నాయి.

ఒకటే చిక్కు. ఉత్తరాలు వచ్చేవి కావు. తెలుగు సినిమా పాటల కార్యక్రమానికి బస్తాలతో వచ్చే కార్డులు నాకు మూడో నాలుగో వచ్చేవి. "వినేవాళ్లు లేని కార్యక్రమం ఎందుకయ్యా" అని పై అధికారి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనకముందే వినేవాళ్లను నేనే పుట్టించాను. మా అటెండర్ పోశెట్టిది పెద్దపల్లి. పేర్లు చెప్పమని అడిగితే, "గోదావరిఖనిల రాజమల్లు, కొమురయ్య, ఓదెలు లేని గల్లీ ఉండది సార్, రాసుకోన్రి" అన్నాడు. ఆ గురువారం నుంచి "గోదావరిఖని నుంచి రాజమల్లు, కొమురయ్య, ఓదెలు కోరిన పాట" అని నిబ్బరంగా చదివాను. ఐదారు వారాలు అలా గడిచాయి.

ఏడో వారం నిజంగానే ఒక కార్డు వచ్చింది. అందులో ఇలా ఉంది: "అయ్యా, మా పేర్లు మీరు చదువుతున్నరు. మేమెవ్వరం ఉత్తరం రాయలేదు. అయినా పేరు పెట్టి పిలిచిన మనిషికి జవాబు ఇయ్యకపోవుడు మర్యాద కాదని రాస్తున్న. ఇక్కడ డ్యూటీల మమ్ముల నంబరుతోటి పిలుస్తరు. ఒక పాట వెయ్యండి, గిటారు గట్టిగ మోగేది ఏదైనా సరే. నాకు కొత్తగ పెండ్లయింది. నా భార్య లచ్చవ్వ పేరు గూడ చదవగలరు. ఇట్లు ఓదెలు."

ఉత్తరం ఎవరూ రాయలేదన్న సంగతి నాకు, పోశెట్టికి తప్ప మూడో మనిషికి తెలియదు. కాబట్టి ఇది పోశెట్టి వేళాకోళమే అని తేల్చుకున్నాను. వాడు ఒట్టేసినా నమ్మలేదు. ఎందుకొచ్చిన తంటా అని ఆ పేర్లు చదవడం మానేసి, కార్డును డైరీలో దాచాను. మరికొన్ని నెలలకు కార్యక్రమం ఎత్తేశారు. పోశెట్టిని మాత్రం ఆ కార్డు పేరు చెప్పి నేను ఉద్యోగం మానేదాకా ఆటపట్టిస్తూనే ఉన్నాను.

ఇప్పుడు కొత్త కార్డు పక్కన ఆ పాత కార్డు పెట్టి చూశాను. రాజమల్లు ఉన్నాడంటే, కొమురయ్య ఉన్నాడంటే, ఓదెలు కూడా ఉన్నట్టే. ఓదెలును కలిసి ఈ కార్డు చేతికిచ్చి క్షమాపణ చెప్పుకోవాలి. అది నిశ్చయించుకున్నాకే టికెట్టు కొన్నాను.

సికిందరాబాదులో బండి ఏడున్నరకు. కూర్చునే టికెట్టు డెబ్బై రూపాయల లోపే. కిటికీ సీటు దొరికింది. కాజీపేట పదింటికి వచ్చింది. అక్కడ కొన్న ఇడ్లీ పొట్లంలో ఇడ్లీలు చల్లగా, చట్నీ వేడిగా ఉన్నాయి. ఎలా సాధించారో తెలియదు. తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు, వస్తుందా రాదా అన్న మాటే పెట్టె అంతా. ఎదుటి సీటు ఆయన సెల్‌ఫోన్‌లో ఎఫ్ఎం పెట్టాడు. అందులో అమ్మాయి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది.

"వీళ్లు పాట ఎప్పుడేస్తారండీ?" అన్నాను.

"పాట ఎవలిక్కావాలె సార్, ముచ్చటే మజా" అన్నాడాయన. మందమర్రిలో ఎలక్ట్రీషియనట. నేనూ ఒకప్పుడు అదే పని చేశానని చెబితే, నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరా?" అని ఊరుకున్నాడు. అంతకన్నా నిజాయితీగల సమీక్ష నాకు ఇంతవరకు రాలేదు.

జమ్మికుంట దాటాక చేలు, పెద్దపల్లి దాటాక పొగగొట్టాలు. రామగుండంలో దిగేసరికి పన్నెండు. స్టేషన్ బయట షేర్ ఆటోలు వరుసగా ఉన్నాయి. గోదావరిఖని చౌరస్తాకు మనిషికి పది. ఏడుగురం ఎక్కాక డ్రైవరు ఇంకొకరి కోసం చూస్తున్నాడు. ఈలోపు అడిగాను, రాజమల్లు గారి ఇల్లు తెలుసా అని.

"ఏ రాజమల్లు సార్? నా పేరు గూడ రాజమల్లే" అన్నాడు డ్రైవరు.

పక్కన గంప పట్టుకున్న ఆమె, "మా అల్లుని పేరు గూడ గదే" అంది.

పోశెట్టి మాట ముప్పై ఏళ్లకు రుజువైంది. ఇవాళ గనిలో రిటైరయ్యే రాజమల్లు అన్నాను. డ్రైవరు మొహం వెలిగింది. "రేడియో రాజమల్లు అనున్రి మరి! గట్ల చెప్తే ఎవలైనా చెప్తరు." రేడియో ఎందుకని అడిగాను. "ఎన్కట ఆయన పేరు రేడియోల వచ్చిందట సార్. ఇంగ్లీషుల!" అన్నాడు గర్వంగా. ఆ ఇంగ్లీషు ఎవరిదో చెప్పడానికి నోరు రాలేదు.

చౌరస్తా దగ్గర లాడ్జిలో గది రెండు వందల యాభై. కిటికీ అంచున వేలు పెడితే వేలు నల్లబడింది. కింద మెస్సులో పప్పు, వంకాయ, కారంగా ఏదో పచ్చడి. తిని నడుం వాలుస్తుంటే కిటికీ తలుపులు ఒక్కసారి గడగడలాడాయి. నేను మెట్లు దిగి కౌంటర్ దగ్గరికి వచ్చేశాను. లాడ్జి మేనేజరు తల ఎత్తకుండానే, "ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు సార్, ఫికర్ చెయ్యకున్రి. మా అత్తమ్మ గిది ఇనే బీపీ గోలి ఏసుకుంటది" అన్నాడు.

మూడింటికి మొదటి షిఫ్టు దిగుతుంది. పావు తక్కువ మూడుకు గని దగ్గరికి చేరాను. అప్పటికే డప్పులవాళ్లు, పూలదండలు, గులాలు రంగు ప్యాకెట్లు సిద్ధంగా ఉన్నాయి. తువ్వాల భుజాన వేసుకున్న పొడుగాటి మనిషి ఒకాయన నన్ను చూసి నేరుగా వచ్చాడు. "సారు గదా? బూట్లు సూడంగనే తెలిసింది. నేను కొమురయ్య. రెండేండ్ల కిందనే దిగిన" అన్నాడు. చేతులు పట్టుకుని ఊపాడు. నేను సృష్టించానని ముప్పై ఏళ్లు అనుకున్న మనిషి అరచేయి గరుకుగా, వెచ్చగా ఉంది.

కాసేపటికి అడిగాను, "ఓదెలు ఎక్కడ?"

"ఓదెలు లేడు సార్. నాలుగేండ్లాయె, గుండెపోటు. ఉంటే నీ కాడికెల్లి కదలకపోతుండె."

జేబులో కార్డు ఉంది. ఇవ్వాల్సిన మనిషి లేడు. ఆ క్షణంలో తిరిగి వెళ్లిపోదామా అనిపించిన మాట దాచను.

ఇంతలో గని నోట్లోంచి మనుషులు బయటికి రావడం మొదలైంది. చివరగా పొట్టిగా, గట్టిగా ఉన్న ఒకాయన తలమీది దీపం ఆర్పకుండానే వచ్చాడు. ల్యాంప్ రూమ్ కిటికీలో ఆ దీపం అప్పగించి, చెయ్యి వెంటనే తీయలేదు. లోపలి ఆయన, "ఇగ ఇడువు రాజమల్లన్నా, గిది కంపెనీది" అంటే అందరూ నవ్వారు. బొగ్గు నలుపు మీద గులాలు రుద్దారు. దండలు పడ్డాయి. డప్పులు మోగాయి. ఎవరో నన్ను చూపించగానే ఆయన ఆ రంగులతోనే కావలించుకున్నాడు. నా తెల్లచొక్కా ఆ రోజు నుంచి తెల్లది కాదు.

ట్రాక్టరు ట్రాలీలో ఊరేగింపు. నన్నూ ఎక్కించి రాజమల్లు పక్కన నిలబెట్టారు. చౌరస్తాలో డప్పు జోరు మీదుండగా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"సార్, ఒక మాట. మొదలు ఉత్తరం నేను రాయలె. నా పేరు ముందుగాల వచ్చిందని అందరు నేనే రాసిన్ననుకున్నరు. ఓదెలుకు తప్ప ఎవలికీ నిజం చెప్పలె. రేడియో రాజమల్లు అన్నరు, ఊకున్న. క్యాంటీన్ల పుక్కట్ల శానా చాయలు తాగిన దాని మీద. ఎవలు రాసిన్రో మీకు ఎరుకే ఉంటది. ఇయ్యాల ఒక్కరోజు చెప్పకున్రి."

నా రహస్యం చెప్పుకుందామని నేను వస్తే, ఆయన రహస్యం నా చేతిలో పెట్టాడు. సరేనన్నట్టు తలూపాను. తలూపడం నాకు ఎప్పుడూ సులువే.

క్వార్టర్ల మధ్య సందులో అడ్డంగా షామియానా వేశారు. ఆరింటికి సభ. అంతవరకు కొమురయ్య నన్ను రాజమల్లు ఇంట్లో కూర్చోబెట్టాడు. వంటింట్లోంచి ఒకామె చాయ్ తెచ్చింది. యాభై ఉంటాయి. ముఖంలో నవ్వు ఎప్పుడూ సిద్ధంగా ఉన్న మనిషి.

"లచ్చవ్వక్క సార్, మన ఓదెలు భార్య" అన్నాడు కొమురయ్య.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆమె ఎదురుగా గడపమీద కూర్చుంది.

"రేడియో సారువు నువ్వేనా? నీతోటి నాకొక లెక్కున్నది. నా పెండ్లయిన కొత్తల మా ఆయన, 'రేడియోకు కార్డు రాసిన, నీ పేరు గూడ వస్తది, గురువారం ఇనాలె' అన్నడు. కొత్త చీర కట్టుకోని రేడియో ముంగట కూసున్న. రాలె. మల్ల గురువారం, మల్ల గురువారం. వీళ్ల పేర్లు గూడ బందయినయ్. 'నువ్వు రాయనే రాయలే, అబద్ధాలకోరువు' అన్న. బతికినన్ని రోజులు ఊరందరి ముంగట ఎక్కిరించిన సారూ. కూరల ఉప్పెక్కువైందంటే, 'గా సంగతి గూడ రేడియోకు రాయి పో' అంటుంటి."

"ఓదెలేమనేవాడు?" అని అడిగాను.

"ఏమంటడు. 'రాసిన్నే' అంటుండె. నవ్వుతుండె. అంతే."

అప్పుడే జేబులోంచి తీసి ఇచ్చేస్తే సరిపోయేది. చెయ్యి జేబుదాకా వెళ్లింది కూడా. కానీ ఆమె అతన్ని అబద్ధాలకోరు అన్నది ఊరందరి ముందు. నేను అతని ఉత్తరాన్ని దాచి, అతని పేరు తీసేసింది రేడియోలో. దాన్ని వంటింటి గడప దగ్గర గుసగుసగా సర్దుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. మైకు దగ్గర చేసిన తప్పు మైకు దగ్గరే ఒప్పుకోవాలి. భయం వేసింది. రాజమల్లుకిచ్చిన మాట కూడా గుర్తొచ్చింది. స్నానం చేసి వచ్చిన ఆయన్ను పెరట్లోకి పిలిచి, ఉన్నదంతా చెప్పి, కార్డు చూపించాను. పోశెట్టి సంగతి కూడా చెప్పాను.

ఆయన కార్డు రెండుసార్లు చదివాడు. చెవిలో ఇంకా గులాలు ఉంది. "అంటే, మేమున్నమన్నది తెల్వకుంటనే మమ్ముల పిలిచినవా సార్?" అన్నాడు.

"అవును."

"మేము పలికినంక ఊకున్నవ్."

ఆయన కార్డు తిరిగి ఇచ్చాడు. "చదువు సార్. నా చాయల సంగతి నేను సూసుకుంట" అన్నాడు.

ఆరుంపావుకు సభ మొదలైంది. సంఘం నాయకులు, సూపర్‌వైజరు మాట్లాడాక కొమురయ్య మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన రేడియో సారు. మొదలు ఉత్తరంల మన రాజమల్లు ఏం రాసిండో సారు చెప్తడు" అన్నాడు కన్నుగీటి. రాజమల్లు అసలు రాయలేదేమోనన్న ఆయన అనుమానం ముప్పై ఏళ్లదని తర్వాత తెలిసింది.

నేను లేచాను. స్టూడియోలో వినేవాళ్లు కనబడరు, ఇక్కడ మూడొందల కళ్లు. ఉత్తరం ఎవరూ రాయలేదని చెప్పాను. కార్యక్రమం నిలబెట్టుకోవడానికి పేర్లు నేనే కల్పించి చదివానని, వాళ్లు నిజంగా ఉంటారని అనుకోలేదని చెప్పాను.

"అంటే రాజమల్లు గూడ రాయలేదన్నట్టు!" అని కొమురయ్య మైకు లేకుండానే అరిచాడు. నవ్వులు పేలాయి. రాజమల్లు దండల వెనకాల తల దాచుకున్నాడు.

నవ్వులు తగ్గాక అన్నాను, "కానీ ఒక్క ఉత్తరం నిజంగా వచ్చింది. నేను దాన్ని నమ్మలేదు. చదవలేదు. ఇప్పుడు చదువుతాను."

చదివాను. చెంబు దగ్గర నేర్చుకున్న గొంతుతో కాదు, మామూలు గొంతుతో. 'నంబరుతోటి పిలుస్తరు' అన్న చోట ముందు వరసలోని ముసలాయన ఒకరు తలూపారు. ఆఖరి వాక్యాల దగ్గర ఆగి, ముప్పై ఏళ్ల కింద అనాల్సిన మాట అన్నాను. "గోదావరిఖని నుంచి ఓదెలు, ఆయన భార్య లచ్చవ్వ కోరిన పాట."

లచ్చవ్వ ఆడవాళ్ల మధ్యలోంచి లేచి వచ్చింది. కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తనకు చదువు రాదు. "గీడ నా పేరున్నదా?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టుకుని నిలబడింది.

"గీ ముక్క అప్పుడే చదివితే నీ సొమ్మేం పోతుండె సారూ?" అంది.

"తప్పయిందమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "మల్లొకపారి చెప్పు. గిప్పుడు నా పేరు ముందుగాల పెట్టి" అంది. చెప్పాను. చప్పట్లు కొట్టింది మొదట ఆమే.

క్యాసెట్టు ఒకటి వెంట తెచ్చాను. సౌండ్ సిస్టమ్ ఆయన దాన్ని వింతగా చూసి, ఎవరింట్లోంచో టేప్‌రికార్డరు తెప్పించి తగిలించాడు. గిటారు గట్టిగా మోగేదే వేశాను. పాట ఎత్తుకోగానే కొమురయ్య తువ్వాల తలకు చుట్టి దిగాడు. "డ్రిల్లింగు మిషను కొట్టినట్టే ఉంటది సార్, గందుకే మాకు నచ్చింది" అని అరిచాడు. మోకాళ్లు నొప్పి అంటూనే రాజమల్లూ దిగాడు. ఎనిమిదిన్నరకు భోజనాలు. మటన్ కారం దెబ్బకు నా గొంతు మూడు రోజులు ఇంగ్లీషు పాటలకు పనికిరాలేదు.

తిరుగు బండి మర్నాడు ఎనిమిది ఇరవైకి. నలభై నిమిషాలు ఆలస్యమన్నారు. రామగుండం ప్లాట్‌ఫాం మీదనుంచి పెద్దపల్లిలో ఉన్న పోశెట్టికి ఫోన్ చేశాను. "ఆ కార్డు నువ్వు రాయలేదయ్యా" అన్నాను. అవతల కాసేపు దగ్గు. "ముప్పై ఏండ్ల సంది నేను చెప్తున్నది గదే గద సార్!" అన్నాడు. క్షమించమంటే, వచ్చేసారి పెద్దపల్లిలో దిగి ఎదురుగా చెప్పమన్నాడు. దిగాలి.

ఇటు వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. తెల్లబట్టలు వద్దు. ఎవరింటికైనా వెళ్లేముందు పేరు ఒక్కటే చాలదు, గని, క్వార్టరు నంబరు కనుక్కుని వెళ్లండి. మధ్యాహ్నం కిటికీలు కదిలితే మెట్లు దిగి పరుగెత్తకండి, మేనేజరు నవ్వుకుంటాడు.

బండి వచ్చింది. సాగనంపడానికి వచ్చిన రాజమల్లు కిటికీలోంచి సర్వపిండి పొట్లం అందించాడు. లచ్చవ్వ చేసి పంపిందట. ఉద్యోగం లేని మొదటి పొద్దు ఆయనకు. ఎక్కడికి వెళ్లాలో తెలియని మనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అక్క రాలేదా?" అన్నాను.

"రాలె సార్. పొద్దుగాల పోయి సూసిన. ఓదెలు ఫోటో ముంగట కార్డు పెట్టింది. 'రాసినవ్ తియ్, ఒప్పుకుంట' అంటున్నది ఫోటోతోటి. నన్ను సూసి సప్పున ఊకున్నది."

బండి కదిలింది. ఆయన రెండడుగులు వెంట నడిచి ఆగిపోయాడు. పెద్దపల్లి దాకా పొట్లం విప్పలేదు. నా గొంతు ఎవరికీ వినబడటం లేదని ఆ రోజుల్లో ఎంత బాధపడేవాణ్ణో గుర్తొచ్చింది. ఒక కొత్త పెళ్లికూతురు కొత్త చీర కట్టుకుని మూడు గురువారాలు నా గొంతు కోసమే కూర్చుంది, నేనే పలకలేదు.